బాగు చేయించాలా, అమ్మేయాలా? పాత కారుపై నా అనుభవ పాఠాలు

ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేరి, రిటైరయ్యేనాటికి ఫోర్‌మన్‌గా ఉన్నాను. బస్సుల దగ్గర నేర్చుకున్న పనితోనే చుట్టాల కార్లూ, వీధిలోవాళ్ల కార్లూ చూస్తూ వచ్చాను. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే: "మావయ్యా, బండి దారిలో ఆగిపోతోంది. బాగు చేయించమంటావా, అమ్మేయమంటావా?"

అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే విసిగిపోయి ఉంటారు. విసుగులో తీసుకున్న నిర్ణయం ఎటు పోయినా నష్టమే. బాగుపడే బండిని తుక్కు ధరకు అమ్ముకుంటారు, లేదా బాగుపడని బండి మీద పిల్లల చదువు డబ్బు పోస్తారు. మధ్యతరగతి ఇంట్లో ఇల్లూ పెళ్లిళ్లూ పోగా అంత డబ్బు పెట్టి కొనేది కారే. అందుకే నాకు తెలిసింది వరసగా రాసి పెడుతున్నాను.

1. ముందు వయసును పక్కన పెట్టండి

"పదమూడేళ్ల బండి, ఇంకేముంటుంది దాంట్లో" అనే మాట నేను ఒప్పుకోను. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి, బాగుందనిపించుకుంటే అయిదేసి ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. డీజిల్ కారుకు 10 ఏళ్లు, పెట్రోలు కారుకు 15 ఏళ్లు అనే గడువు ఢిల్లీ ప్రాంతానికి పెట్టింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015లలో ఇచ్చిన ఆదేశాలతో అక్కడ మొదలైన వ్యవహారం అది. ఆ వార్త చూసి మన దగ్గరా అంతేననుకుని కంగారుగా అమ్మేసినవాళ్లను చూశాను.

వయసు కన్నా పెంపకం ముఖ్యం. టైముకు ఆయిల్ మార్చి, కూలెంట్ పోసి, ఒకే చేతి కింద నడిచిన పద్నాలుగేళ్ల బండి నిక్షేపంగా ఉంటుంది. ఆయిల్ మొహం చూడకుండా తిప్పిన ఏడేళ్ల బండి ఇంజిన్ బోరుకు వస్తుంది. మీ బండి ఈ రెంటిలో ఏ కోవలోదో మీకే తెలుసు. నిర్ణయం అక్కడ మొదలవ్వాలి.

2. అరిగేవి వేరు, చెడేవి వేరు

బ్యాటరీ, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, బెల్టులు, రబ్బరు పైపులు అరగడానికే ఉన్నాయి. కొత్త కారు కొన్నా కొన్నేళ్లకు ఇవన్నీ మార్చాల్సిందే. చిక్కేమిటంటే చాలా బండ్లలో ఇవి ఒకదాని వెంట ఒకటి వచ్చి ఒకే ఏడాదిలో మీద పడతాయి. ఆ ఏడాది బిల్లులు చూసి బండి పాడైపోయిందనుకుంటారు. అన్నీ మార్పించాక అమ్మితే ఆ సుఖం కొన్నవాడిది.

ఈ వరసలో టైమింగ్ బెల్టును మాత్రం నిర్లక్ష్యం చేయకండి. మారుతి 800, పాత శాంత్రో లాంటి బండ్లలో బెల్టు ఉంటుంది, మరికొన్నిటిలో చైన్ ఉంటుంది. మీ బండిలో ఏముందో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూడండి. బెల్టయితే అందులో రాసిన కిలోమీటర్లకు మార్చాలి. అది తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకు కొట్టుకుని వాల్వులు వంగిపోతాయి. చిన్న పనితో పోయేది ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికోసం తయారు కాని పాత బండ్లలో పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు తొందరగా దెబ్బతినే అవకాశం ఉంది. బానెట్ దగ్గర పెట్రోలు వాసన తగిలితే ఆ రోజే చూపించండి. పైపు మారిస్తే పోయేదానికి బండి అమ్మక్కర్లేదు, అలాగని వదిలేస్తే మంటలకు దారి.

3. కారణం దొరికితే బాగు చేయించండి, దొరకకపోతే వదిలించుకోండి

ఇక్కడ రాసినవాటిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి. రిపేరు పెద్దదా చిన్నదా అన్నది రెండో ప్రశ్న. జబ్బేమిటో తెలిసిందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

మా మేనల్లుడి పెట్రోలు కారు ఎండలో గంటసేపు నడిచాక ఆగిపోయేది. అరగంట నీడన పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఒక షెడ్డులో ఫ్యూయల్ పంపు మార్చారు. ఇంకో చోట ప్లగ్గులు, కాయిల్ మార్చారు. అయినా ఆగడం మానలేదు. వాడు విసిగి బేరం పెట్టాడు. "అమ్ముదువుగాని, ఒక్కసారి బండి ఆగిపోయి ఉన్నప్పుడే స్కానర్ పెట్టించు, చల్లారాక కాదు" అన్నాను. అలా పెట్టి చూస్తే సెల్ఫ్ కొడుతున్నా కంప్యూటర్‌కు ఇంజిన్ తిరుగుతున్న సిగ్నలే అందడం లేదు. క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ వేడెక్కగానే పనిచేయడం మానేస్తోంది. దాని ఖరీదు అప్పటిదాకా మార్చిన సామాన్ల ముందు ఏపాటి! బండి ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది.

దీనికి ఎదురు కథ వరదలో మునిగిన బండిది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో ఉండిపోయాయి. చక్రాల దాకా తడిసినవి కోలుకున్నాయి. నీళ్లు డ్యాష్‌బోర్డు అందుకున్న బండ్ల సంగతి వేరు. కడిగి, ఆరబెట్టి, ఆయిళ్లు మార్చాక బాగానే నడుస్తాయి. నెలలు గడిచాక వైరింగ్ జాయింట్లలో చిలుము పట్టి ఒక్కో రోజు ఒక్కో జబ్బు బయటపడుతుంది. ఒకనాడు అద్దం దిగదు, ఇంకోనాడు ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మరోనాడు హైవే మీద ఇంజిన్ ఆగుతుంది. ఎక్కడ ఏ తీగ కుళ్లిందో ఎవరూ చెప్పలేరు. అలాంటి బండికి ఎంత పోసినా నమ్మకం తిరిగి రాదు.

నేను పెట్టుకున్న హద్దు ఇది. ఒకే ఫిర్యాదుకు పనితెలిసిన ఇద్దరు చూసి, రెండుసార్లు సామాను మార్చినా అదే తిరిగొస్తే, మూడోసారి ఊహ మీద దేన్నీ మార్చనివ్వను. పరీక్ష చేసి కారణం చూపించాలి. చూపించలేకపోతే ఆ బండితో రుణం తీరినట్టే.

4. బండికో నోటుబుక్కు పెట్టండి

డిపోలో డ్రైవరు డ్యూటీ దిగేటప్పుడు బస్సులో తనకు కనిపించిన లోపాలు రాసి ఇచ్చేవాడు. పది వేల కిలోమీటర్లకు ఎన్ని బ్రేక్‌డౌన్లు అన్న లెక్క మీద గ్యారేజీ పనితనాన్ని కొలిచేవాళ్లు. అదే పద్ధతి ఇంటి కారుకూ పనికొస్తుంది.

తేదీ, మీటరు మీద కిలోమీటర్లు, వచ్చిన ఫిర్యాదు, చేసిన పని, అయిన ఖర్చు, అంతే రాయండి. దారిలో ఆగిన సందర్భానికి పక్కన ఎర్ర టిక్కు పెట్టండి. సర్వీసు ఖర్చునూ ఆగిపోయిన ఖర్చునూ కలపకండి. ఏడాదికి ఒకసారి తిరగేస్తే బండి స్వభావం కళ్లకు కడుతుంది. ఎర్ర టిక్కులన్నీ ఒకే జబ్బు వల్ల అయితే దాన్ని పట్టుకుంటే చాలు. ప్రతిసారీ కొత్త జబ్బయితే, ఒకటి ఇంజిన్‌లో, ఒకటి గేర్లలో, ఒకటి కరెంటులో అయితే, బండి మొత్తంగా అలసిపోయిందని అర్థం. పుస్తకం లేనివాళ్లకు నిన్నటి కోపమే లెక్క. అందుకే తప్పుడు నిర్ణయం చేస్తారు.

5. పెట్టిన డబ్బు తీర్పు చెప్పకూడదు

"పోయిన నెలే ఏసీకి నలభై వేలు పెట్టాను, ఇప్పుడెలా అమ్ముతాను?" అంటారు. ఆ నలభై వేలు అమ్మినా రావు, ఉంచుకున్నా రావు. ఇప్పటి నుంచి ఏడాదిలో ఈ బండికి ఎంత కావాలి, దాన్ని తీసేస్తే దాని స్థానంలో వచ్చేదానికి ఏడాదికి ఎంత కావాలి అన్నవే పోల్చాల్సిన లెక్కలు.

రెండో లెక్క చాలామంది వేయరు. అయిదు లక్షల అప్పు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 10,380 రూపాయల కిస్తీ. అంటే ఏడాదికి లక్షా పాతిక వేలకు కాస్త తక్కువ. వడ్డీయే మొత్తం మీద లక్షా ఇరవై వేలు దాటుతుంది. దాని మీద లైఫ్ ట్యాక్సు, కొత్త బండి బీమా అదనం. దీని పక్కన పెట్టి చూస్తే, పాత బండికి ఏడాదికి నలభై, యాభై వేలు అయినా, దారిలో ఆగనంతకాలం దాన్ని ఉంచుకోవడమే లాభం.

దానికీ పగ్గం ఉండాలి. ఒక్క రిపేరే బండి ఇవాళ్టి అమ్మకం ధరలో సగం దాటుతుంటే, సరేననేముందు ఇంకొకరికి చూపించండి. ప్రమాదం జరిగినప్పుడు రిపేరు ఖర్చు బండికి రాసిన బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీలు దాన్ని పూర్తి నష్టం కింద కడతాయి. వ్యాపారం చేసేవాడు అక్కడ ఆగుతున్నాడంటే మనం అంతకు ముందే ఆగి ఆలోచించాలి. అరుగుదలకు, మామూలు బ్రేక్‌డౌన్లకు బీమా డబ్బు రాదన్నది కూడా గుర్తుంచుకోండి.

6. పెద్ద రిపేరుకు ముందు పరీక్ష అడగండి

పొగ రంగు చూడటం అందరూ నేర్చుకోవాలి. నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువ పోతోంది, లేదా గాలి చాలడం లేదు. ఉదయం కాసేపు వచ్చే ఆవిరి కాకుండా ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపల కాలుతోంది, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పడాలి. కూలెంట్ కారకుండానే తగ్గుతున్నా, ఆయిల్ మూత కింద పాలమీగడలా కనిపిస్తున్నా అదే అనుమానం.

ఇంజిన్ దించాలని ఎవరైనా అంటే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయమనండి. ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తోందో గేజితో చూస్తారు. తక్కువగా ఉన్న సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, ఒత్తిడి పెరిగిందంటే రింగులు అరిగాయి, పెరగలేదంటే వాల్వుల దగ్గర తేడా. ఒకటి ఇంజిన్ మొత్తం విప్పే పని, రెండోది చాలాసార్లు హెడ్డు పనితో తీరుతుంది. ఖర్చులో ఎంతో వ్యత్యాసం ఉన్న ఈ రెంటినీ చిన్న పరీక్ష విడదీస్తుంది.

మన ఎండలకు బండ్లు హీటెక్కడం మామూలే అనుకోకండి. రేడియేటర్ ఫ్యాను, వాటర్ పంపు, థర్మోస్టాట్ బాగుంటే మే నెలలో కూడా టెంపరేచర్ మీటరు ముల్లు కదలదు. "ఎండ దేశంలో థర్మోస్టాట్ ఎందుకు" అని పీకేసే అలవాటు ఒకటుంది. అది లేకపోతే ఇంజిన్ ఉండాల్సిన వేడికి రాదు, ఇంధనం ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. ముల్లు పైకి పోయిన బండిని "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని లాగితే హెడ్డు వంగుతుంది. ఆ రెండు కిలోమీటర్లే బండి తలరాతను మార్చేస్తాయి.

ఇంజిన్, గేర్‌బాక్స్ జబ్బులు ఎంత పెద్దవైనా బాగుపడేవే. తుప్పు అలా కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన బండిని లిఫ్టు మీద ఎత్తించి కింద చూడండి. తలుపు అంచున తుప్పుంటే ఫరవాలేదు. సస్పెన్షన్ బిగించే చోట, ఛాసిస్ కడ్డీల్లో రేకు పొరలుగా ఊడుతుంటే ఇంజిన్ ఎంత బాగున్నా ఆ బండి మీద డబ్బు పెట్టకండి.

7. సామాను దొరికే బండేనా?

జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో షెవ్రోలే కార్ల అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. కంపెనీ వెళ్లిపోయినంత మాత్రాన బండి చెడ్డదైపోదు. కానీ సామాను కోసం ఎదురుచూపులు పెరుగుతాయి, అమ్మబోతే ధర తగ్గుతుంది. ఊరూరా తిరిగే మోడల్ అయితే మండల కేంద్రంలోనూ క్లచ్ ప్లేటు దొరుకుతుంది.

అందుకే పెద్ద రిపేరు ఒప్పుకునేముందు సామాను ఎక్కడ ఉంది, ఎన్నాళ్లలో వస్తుంది అని తెలుసుకోండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత బండ్ల నుంచి తీసిన సామాను దొరుకుతుంది. తలుపు, అద్దం, లైటు, సీటు అలా తెచ్చుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగు సామాను, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం పాతవి ససేమిరా వద్దు.

8. మెకానిక్‌ను మాటతో కాదు, పద్ధతితో నమ్మండి

బానెట్ ఎత్తీ ఎత్తకముందే "ఇంజిన్ పని చెప్పేసింది" అనేవాడి కన్నా, "రేపటిదాకా ఉంచండి, చూసి చెబుతా" అనేవాడు మేలు. అంచనా కాగితం మీద రాయించుకోండి. తీసేసిన పాత సామాను చూపించమని ముందే చెప్పండి. ఒకేసారి నాలుగు సామాన్లు మారిస్తే జబ్బు పోయినా దేనితో పోయిందో తెలియదు. ఒకటి మార్చి, నడిపి చూసి, తర్వాతది.

మంచి మెకానిక్ దొరికితే అయినకాడికి బేరమాడి పోగొట్టుకోకండి. అతని మజూరీ ఇవ్వండి. పాత బండి ఉంచుకోవాలా వద్దా అన్నదాంట్లో సగం జవాబు మీ ఊళ్లో అలాంటి మనిషి ఉన్నాడా లేడా అన్నదే.

9. అందులో ఎక్కేదెవరో చూడండి

ఒకే బండికి రెండు ఇళ్లలో రెండు జవాబులు ఉండొచ్చు. రిటైరైన మనిషి కూరగాయలకూ గుడికీ ఊళ్లోనే తిప్పుకునే బండి నెలకోసారి మొరాయించినా ఆటోలో ఇంటికి రావచ్చు. వారానికి రెండు మూడుసార్లు తల్లిని డయాలసిస్‌కు తీసుకెళ్లే ఇంట్లో అదే బండి పనికిరాదు. రాత్రి డ్యూటీ దిగి ఒంటరిగా వచ్చే ఆడపిల్ల చేతికి ఆగిపోతుందేమోనన్న అనుమానం ఉన్న బండి తాళం ఇవ్వకూడదు. ఆ లెక్కలో రూపాయలు చూడకండి.

దారిలో ఆగే బండి వేరు, ఆపలేని బండి వేరు. బ్రేకు, స్టీరింగు, టైరు విషయంలో తేడా ఉంటే బాగు చేయించేదాకా ఇంట్లోంచి కదపకండి. టైరు పక్కన కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాళ్లు బాగా ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లు తేలితే మార్చాల్సిందే.

10. కాగితాల ఖర్చు ముందే లెక్కలో వేయండి

పదిహేనేళ్లు దగ్గరపడుతున్న బండికి పెద్ద రిపేరు పెట్టేముందు రిజిస్ట్రేషన్ పొడిగింపు సంగతి చూడండి. 15 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. 20 ఏళ్లు దాటితే 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు వేరు. ఫిట్‌నెస్‌కు చూపించాలంటే లైట్లు, బ్రేకులు, పొగ అన్నీ సరిగా ఉండాలి, వాటి ఖర్చు కలపండి.

బండికి ఆయుష్షు తీరిందనిపిస్తే వీధిలోని తుక్కు కొట్టుకు ఇవ్వకండి. ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ వస్తుంది. దాంతో కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. రోడ్డు పన్నులోనూ 25 శాతం వరకు తగ్గించవచ్చని కేంద్రం నిబంధన పెట్టింది. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో ఆర్టీఏ ఆఫీసులో అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ పేరున ఉన్న రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

11. అమ్మితే ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి, పేరు మార్పించండి

జబ్బు దాచి అమ్మితే ఇంకో కుటుంబం రోడ్డు మీద నిలబడుతుంది. నోటుబుక్కు కొనేవాడి చేతిలో పెట్టండి. నిజం చెప్పి అమ్మిన బండికి కాస్త తక్కువ రావచ్చు. ఆ తర్వాత గొడవలు రావు.

డబ్బు చేతికొచ్చాక ఆర్సీ ఇచ్చేసి ఊరుకుంటే పెద్ద ప్రమాదం. అమ్మినవాళ్లు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. దానికి ఫారం 29, కొన్నవాళ్ల వైపు నుంచి ఫారం 30. బ్యాంకు అప్పు తీరి ఉంటే ఫారం 35తో ఆర్సీ మీద ఆ పేరు కొట్టేయించాలి. పేరు మారకుండా చేతులు మారిన కారు ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరు ఉందో వాళ్లే పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అమ్మేసిన బండి చేసిన యాక్సిడెంటుకు మీ ఇంటికి కోర్టు నోటీసు రావడమంటే ఇదే.

నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. బీమా కంపెనీని అడిగి సర్టిఫికెట్ తీసుకోండి, మూడేళ్లలోపు కొనే బండి ప్రీమియంలో తగ్గుతుంది. ఫాస్టాగ్ మూయించడం మరిచిపోకండి.

12. నడుస్తున్నప్పుడే తేల్చుకోండి

ఆగిపోయి షెడ్డులో పడి ఉన్న బండికి ధర చెప్పేది కొనేవాడే. స్టార్టయి నడుస్తున్న బండికి మీరు చెప్పవచ్చు. అందుకని ఏడాదికోసారి, బీమా కట్టే నెలలో, నోటుబుక్కు ముందేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని ఇంకో ఏడాది ఉంచాలా వద్దా తేల్చుకోండి. ఉంచాలనుకుంటే నెలనెలా కొంత డబ్బు బండి పేరున పక్కన పెట్టండి. అమ్మాలనుకుంటే వానాకాలం దాకా నాన్చకుండా అమ్మేయండి.

నేను చూసిన ఇళ్లలో ఎక్కువమంది ఈ రెండూ చేయరు. బాగు చేయించరు, అమ్మరు. హెచ్చరిక లైటు వెలుగుతున్నా పట్టించుకోకుండా, దేవుడి మీద భారం వేసి, పెద్దవాళ్లనూ పిల్లల్నీ ఎక్కించుకుని హైవే ఎక్కుతారు. బాగు చేయించడంలో పొరపాటు జరిగితే కొంత డబ్బు పోతుంది. అమ్మడంలో పొరపాటు జరిగినా పోయేది డబ్బే. ఏదీ తేల్చకపోతే మనుషులే పోవచ్చు. కాబట్టి ఏదో ఒకటి తేల్చండి, ఈ నెలలోనే తేల్చండి.